పులస్త్యుడి నుంచి క్రతువు దాకా గీత గీస్తే

మక్తల్ సీమ చరిత్ర – ధారావాహిక

కిందటి భాగంలో కృష్ణ ఒడ్డు వెంట తంగిడి దాకా వచ్చి ఆగాం. భీమానది కృష్ణలో కలిసేది అక్కడే, కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదీ అక్కడే. అక్కణ్ణుంచి నీటివాలు వెంట తూర్పుకు సాగితే ముడుమాల్ వస్తుంది. ఇప్పుడది నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో ఉంది గానీ, పాత రెవెన్యూ లెక్కల్లో మక్తల్ తాలూకా ఊరే. ఈ సీమ చరిత్ర రాయబూనుకున్నప్పుడు శాసనాలతో మొదలుపెట్టాలా, గుళ్ళతో మొదలుపెట్టాలా అన్న మీమాంస ఉండేది. ముడుమాల్ ఆ చిక్కు తీర్చింది. ఇక్కడ అక్షరం రాకముందే ఎవరో ఆకాశాన్ని రాసిపెట్టుకున్నారు.

ఊరి బయట చేల మధ్య నిలువురాళ్ళుంటాయి. దాదాపు ఎనభై దాకా ఉన్న పెద్దరాళ్ళు పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తున నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ వరసలు తీర్చిన చిన్న రాళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. ఊరివాళ్ళు వీటిని నిలురాళ్ళ తిమ్మప్ప అంటారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. బృహత్ శిలాయుగపు మనుషులు పాతిన ఈ రాళ్ళకు మూడున్నర వేల ఏళ్ళ పైమాటే ఉంటుందని అంచనా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పురావస్తు పరిశోధకుడైన ఆచార్య కె.పి. రావు ఏళ్ళ తరబడి ఇక్కడ కొలతలు తీసి, కొన్ని వరసలు అయన దినాల్లోనూ విషువత్తుల్లోనూ సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులతో సరిపోతాయని చూపించారు. 2025లో ఈ రాళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి.

మన కథకు కావలసింది ఆ నిలువురాళ్ళు కాదు. వాటి పక్కనే నేలమీద పడుకున్నట్టున్న ఒక బల్లపరుపు రాయి కావాలి. దాని మీద చిన్న చిన్న గుంటలు తొలిచారు. వేలి కొస పెట్టి తిప్పితే నునుపు తెలుస్తుంది. ఉలిదెబ్బ ఒకటి వేసి వదిలేసిన పని కాదది, గట్టి రాయితో పదేపదే నూరి లోతు చేసిన పని. ఆ గుంటల్లో ఏడు కలిసి సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. చెక్కినవాళ్ళు పక్కన పేరు రాసి పెట్టలేదు కాబట్టి ఇది అమరికను చూసి పోల్చుకున్న సంగతే. అయినా నాలుగు గుంటల చతురస్రం, దాని మూల నుంచి వంపు తిరిగే మూడు గుంటల తోక చూశాక ఇంకో పోలిక మనసుకు తట్టదు.

ఈ రాయి గురించి రాసేటప్పుడు, చివరి రెండు చుక్కలు ధ్రువనక్షత్రాన్ని చూపిస్తున్నాయని చాలామంది రాస్తుంటారు. ఇక్కడ కొంచెం ఆగి చూసుకోవాలి. భూమి ఇరుసు 26,000 ఏళ్ళకొకసారి ఆకాశంలో ఒక వలయం చుట్టి వస్తుంది. మూడు వేల ఏళ్ళ కిందట మన ఇప్పటి ధ్రువతార ఉత్తర ధ్రువానికి దూరంగా ఉండేది. పులహుడు, క్రతువు అనే ఆ చివరి రెండు చుక్కలను కలిపి గీసిన గీత దానివైపే పోతుంది గానీ, ఆనాడు ఆ చుక్కకు ధ్రువపదవి లేదు. ఆనాటివాళ్ళకు సప్తర్షులే ధ్రువానికి ఇప్పటికంటే దగ్గరగా తిరుగుతూ కనిపించేవారు. రాత్రిపూట ఉత్తరం వెతికే మనిషికి ఆ ఏడు చుక్కలే సరిపోయి ఉంటాయి. రాయి గొప్పతనం చెప్పడానికి లేని ధ్రువతారను తెచ్చి పెట్టక్కర్లేదు.

ఈ ఏడు చుక్కల్లో ఇంకో గీత ఉంది. మంచం నాలుగు కోళ్ళలా ఉండే క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి – ఈ నలుగురిలో పులస్త్యుడి నుంచి క్రతువుకు ఐమూలగా గీత గీసి, అంతే దూరం ముందుకు సాగితే ఉత్త కంటికి ఏమీ కనిపించని ఖాళీ చోటు వస్తుంది. ముడుమాల్ రాయి మీద ఆ చోట ఏముందో ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవలసిన పనీ లేదు. చీకటి రాత్రి అక్కడికి మంచి దుర్భిణి తిప్పితే రెండు మసక మరకలు కనిపిస్తాయి. ఒకటి గుండ్రంగా, రెండోది సన్నగా పొడుగ్గా ఉంటుంది. రెంటి మధ్య ఎడం పున్నమి చంద్రుడి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. 1774 డిసెంబరు 31 రాత్రి బెర్లిన్‌లో యోహాన్ బోడె అనే జర్మన్ ఖగోళవేత్త వీటిని మొదట చూశాడు. తర్వాత ఫ్రెంచివాడు మెస్సియే పట్టికలో ఎం81, ఎం82 అని పేర్లు పడ్డాయి. రెండూ గెలాక్సీలే. మన పాలపుంతకు ఇరుగుపొరుగు. దూరం సుమారు కోటీ 20 లక్షల కాంతి సంవత్సరాలు.

చైత్ర వైశాఖ మాసాల్లో రాత్రి తొమ్మిది దాటాక మక్తల్ మేడల మీద నిలబడి ఉత్తరానికి తిరిగితే సప్తర్షులు బాగా పైకెక్కి ఉంటారు. ఎం81, ఎం82లు ఎంత పైకి వచ్చినా మన అక్షాంశంలో దిగంతం నుంచి 37 డిగ్రీలకు మించి లేవవు. పట్నపు దీపాల వెలుతురు తగలకుండా కృష్ణ ఒడ్డు వైపు పోతే మంచిది.

దుర్భిణిలో మసక మరకగా తోచిన ఎం82ను అంతరిక్షంలోని టెలిస్కోపులు ఎలా చూపించాయో ఇప్పుడు చూద్దాం. హబుల్ టెలిస్కోపును 1990 ఏప్రిల్ 24న ప్రయోగించారు. దాని అద్దం అడ్డుకొలత 2.4 మీటర్లు. దాని పదహారో ఏడు నిండిన సందర్భంగా 2006లో ఎం82 చిత్రం విడుదల చేశారు. గెలాక్సీ మనకు అంచువైపు నుంచి కనబడుతుంది కాబట్టి చిత్రంలో నీలపు పట్టీలా పడుకొని ఉంటుంది. ఆ పట్టీ మీద నల్లని ధూళి చారలు అడ్డదిడ్డంగా పాకి ఉంటాయి. నడిమధ్య నుంచి పైకీ కిందికీ ఎర్రని జ్వాలల్లాంటి పాయలు వేల కాంతి సంవత్సరాల పొడుగున ఎగజిమ్ముతుంటాయి. ఈ ఎరుపు చిత్రకారుడి ఊహ కాదు. హబుల్ గ్రాహకం రంగులను గుర్తించదు, వెలుగు ఎంత పడిందన్నదే లెక్కపెడుతుంది. ముందు ఒక వడపోత అద్దం పెట్టి ఒకసారి, ఇంకొకటి పెట్టి మరోసారి తీస్తారు. హైడ్రోజన్ వాయువు వేడెక్కితే వెలువరించే 656 నానోమీటర్ల కాంతిని మాత్రమే వదిలే వడపోత ఒకటుంది. దాని గుండా తీసిన నలుపు తెలుపు చిత్రానికి ఎరుపు వేస్తారు, అది మన కంటికీ ఎరుపే. ఆ పాయలన్నీ గెలాక్సీ గర్భం నుంచి ఊడిపోతున్న హైడ్రోజన్.

ఎందుకు ఊడిపోతోంది? పక్కనున్న ఎం81 పెద్దది, బరువైనది. కోట్ల ఏళ్ళ కిందట ఈ రెండూ బాగా దగ్గరగా దాటిపోయాయి. రేడియో టెలిస్కోపులతో చూస్తే రెంటి మధ్యా హైడ్రోజన్ వంతెనలు ఇప్పటికీ కనబడతాయి. ఆ లాగుడుకు ఎం82లోని వాయువు నడిమధ్యకు జారి కుప్పపడింది. అక్కడ నక్షత్రాలు పుట్టే వేగం మన పాలపుంతకు పది రెట్లు. పుట్టినవాటిలో బరువైనవి త్వరగా కాలి పేలిపోతాయి. వాటి వేడి గాలులూ పేలుళ్ళూ కలిసి మిగిలిన వాయువును బయటికి నెడుతున్నాయి. నక్షత్రాలు పుట్టడానికి కావలసిన సరుకును ఆ పుట్టుకే బయటికి తరిమేస్తోంది.

2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇదే గెలాక్సీ గర్భంలోకి పరారుణ కాంతిలో తొంగిచూసింది. దాని అద్దం 6.5 మీటర్లు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి పనిచేస్తుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన చిత్రంలో, హబుల్‌కు నల్లని చారలుగా అడ్డుపడిన ధూళి పలచబడిపోయింది, దాని వెనక దాగిన వేలవేల నక్షత్రాలు చుక్కలు చుక్కలుగా బయటపడ్డాయి. ఆ పాయలు కూడా కొత్తగా కనబడ్డాయి. పొగమసిలో ఉండే రకం కర్బన అణువులు వెలువరించే పరారుణ కాంతిని పట్టి, గాలి ఎలా చీలి, ఎలా మెలితిరిగి బయటికి పోతోందో పోగు పోగుగా చూపించింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన అల్బెర్టో బొలాట్టో బృందం చేసిన పని ఇది. పరారుణం మనకు కనబడదు కాబట్టి ఈ చిత్రపు రంగులు అనువాదం లాంటివి. పొడవైన తరంగానికి ఎరుపు, పొట్టిదానికి నీలం, ఆ వరస మాత్రం తప్పకూడదు.

ఈ చిత్రాల్లో చేరిన వెలుగు బయలుదేరినప్పుడు మనిషి జాతి లేదు. ముడుమాల్‌లో ఏడు గుంటలు నూరిన చేతులు పనిలో ఉన్ననాటికి ఆ వెలుగు తన ప్రయాణంలో నూటికి తొంభైతొమ్మిదిన్నర పాళ్ళకు మించి ముగించి, మన పాలపుంత చుక్కల మధ్యకు వచ్చేసింది. మిగిలింది మూడున్నర వేల కాంతి సంవత్సరాలే. కాకతీయులు వచ్చి పోయారు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు వచ్చి పోయారు. ఆ కాలమంతా అది వస్తూనే ఉంది. చరిత్రకారుడిగా రాజవంశాల పట్టికలు రాసి రాసి అలసిన నాకు, ఈ ఒక్క లెక్క ఆ పట్టికలన్నిటినీ ఒక కొలబద్ద మీద పెట్టి చూపిస్తుంది.

2014 జనవరి 21న లండన్ విశ్వవిద్యాలయ వేధశాలలో స్టీవ్ ఫాసీ అనే అధ్యాపకుడు, మబ్బులు కమ్ముకొస్తుంటే, విద్యార్థులకు టెలిస్కోపు వాడకం చూపిద్దామని ఎం82 వైపు తిప్పాడు. అక్కడ ఉండకూడని చుక్క ఒకటి కనబడింది. ఓ తెల్లమరుగుజ్జు తార పేలింది. ఆ సూపర్‌నోవాను మన లద్దాఖ్‌లోని హాన్లే నుంచి హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో భారతీయ శాస్త్రవేత్తలు నెలల తరబడి గమనించారు.

సప్తర్షుల పక్కనున్న ఈ పొరుగుకంటే మరింత దగ్గరి పొరుగు ఆండ్రోమెడా. 25 లక్షల కాంతి సంవత్సరాలు. ఆశ్వయుజ కార్తీకాల్లో చీకటి రాత్రి ఉత్త కంటికే మబ్బుతునకలా కనబడుతుంది. ఈ గెలాక్సీతో మన రాష్ట్రానికి ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ చరిత్ర పుస్తకాల్లో ఇది ఎక్కడో పాదసూచికల్లో పడి ఉంటుంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులోని నవాబు జఫర్ జంగ్‌కు ఆకాశం పిచ్చి. ఇంగ్లండులో చదివి వచ్చినవాడు. గ్రబ్ కంపెనీ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, ఫిసల్‌బండ దగ్గర తన జాగాలో 1901లో వేధశాల మొదలుపెట్టాడు. నిజాం పేరు మీద దానికి నిజామియా అని పేరు పెట్టాడు. 1907లో ఆయన పోయాక మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని చేపట్టింది. తర్వాత బేగంపేటకు మారింది. మక్తల్ తాలూకా రైతు కట్టిన శిస్తులో ఏ కొంచెమో ఆ గుమ్మటం కిందికి చేరి ఉంటుంది.

అప్పటికి ప్రపంచంలోని వేధశాలలు ఒక మహా పనికి పూనుకున్నాయి. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి ప్రతి చుక్క స్థానమూ కొలవాలని 1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో నిర్ణయించారు. ఆకాశాన్ని అడ్డపట్టీలుగా కోసి వేధశాలలకు పంచారు. చిలీలోని శాంటియాగో తన వాటా పూర్తి చేయలేకపోయింది. అది హైదరాబాద్ చేతికొచ్చింది. దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా. 1914లో వేధశాల డైరెక్టరు పోకాక్ ఆధ్వర్యంలో ఆ పని మొదలై, ఆయన 1918లో మరణించాక టి.పి. భాస్కరన్ చేతుల మీదుగా సాగింది. ఆ పట్టీ పూర్తయ్యాక ఉత్తరాన పాట్స్‌డామ్ వదిలేసిన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా హైదరాబాదే నెత్తికెత్తుకుంది.

ఆ పని తీరు తెలిస్తే గౌరవం పెరుగుతుంది. ఒక్కో గాజుపలక ఆకాశంలో రెండు డిగ్రీల చతురస్రాన్ని పట్టేది. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. చుక్కలతో పాటు 5 మిల్లీమీటర్ల గళ్ళ జాలిని కూడా అదే పలక మీద ముద్రించేవాళ్ళు. పలక కడిగి ఆరబెట్టాక సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏ గడిలో ఏ చుక్క ఎంత పక్కకు, ఎంత పైకి ఉందో ఒక్కొక్కటిగా కంటితో చదివి రాసుకునేవాళ్ళు. కంప్యూటరు లేదు. హైదరాబాద్ ఇలా కొలిచిన చుక్కలు నాలుగు లక్షలకు పైగా. ఆ కొలతలు తీసిన గుమాస్తాల పేర్లు మనకు దక్కలేదు. ముడుమాల్ గుంటలు నూరినవాళ్ళ పేర్లూ దక్కలేదు.

చుట్టరికం అన్నది ఇక్కడే. ఆండ్రోమెడా నడిబొడ్డు 41 డిగ్రీల పైన ఉంటుంది. హైదరాబాద్ ఉత్తర పట్టీ పలకలు 40 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. మూడు డిగ్రీల పొడవున పరుచుకున్న ఆ గెలాక్సీ దక్షిణపు కొస మన గీతను దాదాపు తాకుతుంది. హైదరాబాద్ దక్షిణ పట్టీతో కుస్తీ పడుతున్న ఏళ్ళలోనే, 1923 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే సెఫీడ్ తార ఒకటి పట్టుకున్నాడు. దాంతో దూరం లెక్కకట్టి అది మన పాలపుంతలోని మబ్బు కాదు, వేరే గెలాక్సీ అని తేల్చాడు. ఆయన పేరే అంతరిక్ష టెలిస్కోపుకు పెట్టారు. ఆ టెలిస్కోపు పదేళ్ళకు పైగా 600కు మించిన ముక్కలుగా ఆండ్రోమెడాను తీసి, అన్నీ కుట్టి ఒకే చిత్రంగా 2025 జనవరిలో చూపించింది. అందులో 250 కోట్ల పిక్సెళ్ళు, విడివిడిగా లెక్కకు వచ్చే 20 కోట్ల నక్షత్రాలు.

కీర్తి మౌంట్ విల్సన్‌కు పోయింది, సరే. హైదరాబాద్ గాజుపలకలు మూలనపడ్డాయని మాత్రం అనుకోవద్దు. 1989లో యూరప్‌వాళ్ళు హిపార్కస్ ఉపగ్రహం పంపి నక్షత్రాల స్థానాలు కొలిచారు. చుక్కలు కదులుతుంటాయి, కానీ ఆ కదలిక చాలా నెమ్మది. దాన్ని పట్టుకోవాలంటే ఉపగ్రహం కొలతకు పక్కన పెట్టి చూడడానికి ఏ డెబ్బై ఎనభై ఏళ్ళ కిందటి కొలతో కావాలి. అలాంటి కొలతలు పెద్ద ఎత్తున దొరికింది ఆ పారిస్ పథకంలోనే. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలోని 25 లక్షల నక్షత్రాల కదలికలు, ఉపగ్రహం లెక్కలకు ముఖ్యంగా ఆ పాత పలకల లెక్కలు జోడించి తీసినవే. హైదరాబాద్ కొలతలు అందులో భాగం. బేగంపేటలో కళ్ళు చికిలించి చదివిన అంకెలు అంతరిక్ష యుగపు పట్టికలోకి చేరాయి. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఒక పేజీకి నోచుకోవాలని నా గట్టి కోరిక.

ఆ వేధశాల ఆవరణ ఇంకో మనిషిని కూడా ఇచ్చింది. అక్కడి ఉద్యోగి కొడుకు వైను బప్పు ఆ టెలిస్కోపుల నీడనే పెరిగాడు. హైదరాబాద్ ప్రభుత్వ సాయంతో హార్వర్డ్‌కు పోయి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. అది బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క. తిరిగివచ్చాక బెంగళూరులో భారతీయ ఖగోళభౌతిక సంస్థను నిలబెట్టాడు. ఆయన 1982లో కన్నుమూశాడు. ఆ సంస్థే తర్వాత ముందుండి మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ కోసం అతినీలలోహిత టెలిస్కోపును తయారుచేసింది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి30 దాన్ని మోసుకుపోయింది. 38 సెంటీమీటర్ల అద్దాలు రెండు, హబుల్ ముందు చిన్నవే. అయితే ఒక్కసారికి 28 ఆర్క్ నిమిషాల ఆకాశాన్ని చూడగలదు, చంద్రబింబం దాదాపు మొత్తం అందులో పడుతుంది. అతినీలలోహితంలో చాలా భాగాన్ని మన ఓజోన్ పొర నేలదాకా రానివ్వదు, అందుకే దాన్ని పైకి పంపాలి. ఆ కాంతిలో ముసలి చుక్కలు మసకబారిపోయి, కొత్తగా పుట్టిన వేడి చుక్కలే మెరుస్తాయి. ఆస్ట్రోశాట్ ఆండ్రోమెడాను ముక్క ముక్కగా తీసింది. హైదరాబాద్ గీతకు అవతల మిగిలిపోయిన గెలాక్సీ అలా మన చేతికి వచ్చింది.

హబుల్, వెబ్, ఆస్ట్రోశాట్ మూడింటి పాత పరిశీలనలూ అందరికీ తెరిచి పెట్టారు. మక్తల్ జూనియర్ కాలేజీలో చదివే పిల్లకైనా పిల్లవాడికైనా ఇంటర్నెట్ ఉంటే దిగుమతి చేసుకోవచ్చు. తెరిస్తే ముందు కనబడేది రంగుల చిత్రం కాదు, నలుపు తెలుపు ఫైళ్ళు, వడపోతకొకటి. అతినీలలోహితానికి ఏ రంగు, హైడ్రోజన్‌కు ఏ రంగు అని వాటిని తానే కలుపుకోవాలి.

నిజామియాకు నగరపు వెలుతురు అడ్డమయ్యాక ఇబ్రహీంపట్నం దగ్గరి జాపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక తీరంలో నేలకు దిగి, రాయచూరు మీదుగా మన సీమను దాటి, ఆ వేధశాల మీదుగా నల్లగొండ వైపు పోయింది. మక్తల్‌లో ఆ మధ్యాహ్నం చీకటి పడింది. ఆ రోజు కథ వచ్చే భాగంలో.

(సశేషం)